తీగ చేరని చోట బండి బ్యాటరీ

మోటారు బండి పుట్టిన తొలి దినములలో దానిని మేల్కొల్పుటకు మనుష్యుని భుజబలమే శరణ్యముగా నుండెను. ఇంజను ముందు భాగమున హ్యాండిలును దూర్చి, బలముకొలది త్రిప్పి, అది ఎదురు తిరిగి చేతి యెముకను విరుగగొట్టకముందే తప్పుకొనవలసి వచ్చెడిది. ఆ హ్యాండిలు మన అంబాసిడరు కార్ల డిక్కీలలో సైతము చాలకాలము వఱకు పడియుండి, బ్యాటరీ దిగిపోయిన ఉదయములందు బయటికి వచ్చుచుండుట పెద్దవారిలో పెక్కుమంది యెఱిగినదే. 1912వ సంవత్సరమున అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు కాడిలాక్ కార్లకు విద్యుత్తుతో తిరుగు స్టార్టరును సమకూర్చెను. అది మొదలు క్రమక్రమముగా ప్రతి బండిలోను ఒక బరువైన సీసపు బ్యాటరీ స్థిరనివాస మేర్పఱచుకొనెను. ఇంజనును త్రిప్పుటకు, దీపములు వెలిగించుటకు మాత్రమే అచట నుంచిన యా పెట్టె, ఇంటికి దూరముగా నున్న మనుష్యునకును, విద్యుత్తు ఎఱుగని పల్లెకును రేడియోనిచ్చి, మైకునిచ్చి, టెలివిజను నిచ్చి, నేడు చేతి ఫోనునకు ప్రాణమిచ్చుచున్నది.

విద్యుత్తు చరిత్ర వ్రాయువారు ఆనకట్టలను, జనరేటర్లను, స్తంభములను, తీగలను లెక్కించుదురు. వారి లెక్క ప్రకారము తీగ చేరిననాడే గ్రామమునకు విద్యుత్తు వచ్చినట్లు. ఆ లెక్క అసంపూర్ణమని నా దృఢాభిప్రాయము. అనేక గ్రామములలో విద్యుత్తు తీగకన్న ముందే వచ్చినది. అది బండియెక్కి వచ్చినది. మొదట వెలుగుగా గాక ధ్వనిగా వచ్చినది.

ఈ పెట్టె లోపలి సంగతి కొంత చెప్పుకొనక ముందునకు సాగరాదు. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను గంధకామ్లములో ముంచి, వానియందు విద్యుత్తును నింపి మరల తీసికొనవచ్చునని నిరూపించెను. 1881లో కమీల్ ఫోర్ అను మఱియొక ఫ్రెంచివాడు సీసపు ఆక్సైడును ముద్దగా చేసి పలకలకు పూసి, ధారణశక్తిని పెంచి, కర్మాగారములలో విరివిగా తయారు చేయుటకు వీలు కల్పించెను. బ్యాటరీలోని ఒక్కొక్క గదికి సుమారు 2 వోల్టులు. మూడు గదులు చేరినచో 6, ఆరు చేరినచో 12. నేటికిని మూలసూత్రము అదియే. అయితే స్టార్టరు బ్యాటరీకి ఒక ప్రత్యేక స్వభావము కలదు. ఇంజనును త్రిప్పుటకు కొద్ది క్షణములపాటు నూరు ఆంపియర్లకు పైబడిన ప్రవాహము కావలెను గావున, దాని పలకలను పలుచగా, ఎక్కువ సంఖ్యలో అమర్చి, ఆమ్లము తాకు వైశాల్యమును పెంచుదురు. అట్టి బ్యాటరీ ఒక్కపెట్టున బలమంతయు చూపి, వెంటనే నడచుచున్న బండివలన తిరిగి నిండుటకు తగినదే కాని, గంటల తరబడి కొద్దికొద్దిగా నిచ్చుచు అడుగంటుటకు తగినది కాదు. మాటిమాటికి అడుగంటించి, నింపక దినముల తరబడి విడిచినచో, పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, అవి మరల విద్యుత్తును గ్రహింపజాలవు. ఇంటి పరికరములు కోరునది సరిగా ఈ రెండవ విధమైన సేవయే. బండి స్వభావమునకును ఇంటి కోరికకును గల యీ వైరుధ్యమును ఎవరెవ రెట్లు దాటిరను కథయే ఈ చరిత్ర యంతయు.

మొదట బండి నాశ్రయించినది దీపము. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప అమెరికాలో కుటుంబములు కుటుంబములే డేరాలు వెంటగొని కార్లలో దేశము తిరుగుట యొక గొప్ప వేడుకయై, 1919లో ఫ్లోరిడాలోని టాంపా నగరమున ‘టిన్ కాన్ టూరిస్టులు’ అను సంఘము సైతము వెలసెను. డేరాలో ఒక చిన్న బల్బు వెలుగుటకు బండి బ్యాటరీ ధారాళముగా చాలును. దీపమునకు వోల్టుల పేచీ లేదు. 6 వోల్టులకు తగిన తంతువును పెట్టినచో 6 వోల్టులకే వెలుగును. చిక్కంతయు రేడియోతో వచ్చెను.

ఆ కాలపు రేడియోలలో గాజు వాల్వులుండెడివి. వాని తంతువులను వేడిచేయుటకు కొద్ది వోల్టులు చాలినను, ఆనోడులకు మాత్రము ఇంచుమించు 200 వోల్టులు కావలెను. 1930లో షికాగో నగరమునకు చెందిన పాల్ గాల్విన్ తన స్టూడిబేకరు కారులో రేడియోను బిగించుకొని, అట్లాంటిక్ సిటీలో జరుగుచున్న రేడియో ఉత్పత్తిదారుల సమ్మేళనమునకు పోయి, కారును వెలుపల నిలిపి వచ్చిపోవువారికి వినిపించెను. ‘మోటరోలా’ అను ప్రఖ్యాత నామము ఆ రేడియోకు పెట్టినదే. కాని అట్టి తొలి రేడియోలకు కారు బ్యాటరీ ఒక్కటియే చాలలేదు. ఎక్కువ వోల్టుల కొఱకు వేరుగా డ్రై బ్యాటరీల కట్టలను కారు అడుగు పలకల క్రింద పెట్టెలో దాచవలసి వచ్చెను. అవి తీరిపోయినప్పుడెల్ల పాఱవైచి క్రొత్తవి కొనుటయే గతి.

ఈ చిక్కును విప్పినది వైబ్రేటరు. అది పిడికిలిలో ఇమిడిపోవు చిన్న లోహపు డబ్బా. దానిలో ఒక ఉక్కు రేకు సెకనుకు నూరుసార్లకు పైగా కంపించుచు, బ్యాటరీ ప్రవాహమును తెగగొట్టుచు కలుపుచు ట్రాన్స్‌ఫార్మరునకు అందించును. ఎడతెగక ఒకే దిశను పాఱు ప్రవాహము ట్రాన్స్‌ఫార్మరునకు నిరుపయోగము. తెగుచు కలియుచు నుండునదైనచో దాని వోల్టేజిని కోరినంత పెంచవచ్చును. అట్లు పెంచినదానిని మరల ఒకే దిశకు మరల్చి వాల్వుల కిత్తురు. రేడియో వేసినంతసేపు ఆ డబ్బాలోనుండి, చిక్కువడిన తుమ్మెద రొదవంటి ఝంకారము వినవచ్చుచుండును. దాని స్పర్శబిందువులు కాలిపోయినప్పుడు ఊడబెఱికి మఱియొకటి గ్రుచ్చుటయే మరమ్మతు. తరువాత వచ్చిన ట్రాన్సిస్టరు మహిమను లోకమెల్ల కొనియాడినది గాని, ఈ విషయమున పెద్ద అడుగు వేసినది వైబ్రేటరే యని నేను భావించుచున్నాను. బండి బ్యాటరీకి ఇంటి వోల్టులను చేకూర్చుట సాధ్యమే, సామాన్యుని వెలకు సాధ్యమే యని మొట్టమొదట విరివిగా చూపినది అదియే. నేటి ఇన్వర్టరు చేయుపనియు మూలమున ఇదియే. ఉక్కు రేకు స్థానమున సిలికాను నిలిచినది.

1935 మే నెలలో అమెరికా ప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పునాటికి ఆ దేశపు వ్యవసాయ కుటుంబములలో సుమారు పదింట నొకదానికి మాత్రమే తీగ కరెంటుండెను. అంతటి సంపన్న దేశమున రైతు రేడియోను విన్నది చాలవఱకు బ్యాటరీతోనే. 6 వోల్టుల బ్యాటరీతో పనిచేయు వైబ్రేటరు రేడియోలను కంపెనీలు పొలములవారి కొఱకే ప్రత్యేకముగా తయారుచేసి అమ్మెను. కారు బ్యాటరీని విప్పి ఇంటిలోనికి మోసికొనివచ్చి రాత్రి రేడియో విని, మఱునాడు కారులో మరల బిగించి, ఊరికి పోయివచ్చు త్రోవలో దానిని నింపుకొనుట అనేక గృహములలో వాడుకయై యుండెను. గాలిమరతో బ్యాటరీని నింపు ‘విన్‌చార్జరు’ సైతము ఆ సంవత్సరములలోనే వ్యాపించెను.

ఇక మన సీమకు వత్తము. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను. తెలుగు మాట గాలిలో ప్రసరించుటకు మొదలిడిననాడు, దానిని వినవలసిన పల్లెలలో అత్యధిక భాగమునకు కరెంటు స్తంభమనగా నేమో తెలియదు. రచ్చబండ దగ్గఱనో, పంచాయతీ కచ్చేరీలోనో, ఊరి మోతుబరి వసారాలోనో ఉన్న ఒక్క రేడియో చుట్టును ఊరెల్ల కూడెడిది. డ్రై బ్యాటరీ కట్టలతో నడచునవి కొన్ని. వాని వెల రైతుకు భారము. సీసపు బ్యాటరీతో నడచునవి కొన్ని. వానిని మరల మరల నింపుకొనవచ్చును. కాని నింపుట యెక్కడ? పట్టణమున.

అట్లు బస్‌స్టాండ్లను ఆశ్రయించి, సైకిలు షాపులకును మోటారు మెకానిక్కుల కొట్టములకును ప్రక్కన, బ్యాటరీ చార్జింగు అను నొక వృత్తి వెలసెను. ఒక చెక్క బల్లపై బ్యాటరీలు బారులు తీరియుండును. ఒకదాని ధనధ్రువము నుండి మఱియొకదాని ఋణధ్రువమునకు తీగలు కలిపి, అన్నిటిని గొలుసుకట్టుగా చేర్చి, రెక్టిఫయరు నుండి రాత్రియంతయు కరెంటు నెక్కించుదురు. మూతలు విప్పిన గదులలో ఆమ్లము బుడగలెత్తుచుండును. ఆ బుడగలలోని హైడ్రోజను వాయువునకు భయపడి, ఎఱిగిన యజమాని ఆ దరిదాపుల బీడీ ముట్టింపనీయడు. గాజుగొట్టమువంటి హైడ్రోమీటరుతో ఆమ్లమును పీల్చి, దాని సాంద్రత 1.25 దాటినచో నిండినదనియు, 1.15 దగ్గఱకు దిగినచో అడుగంటినదనియు నిర్ణయించుదురు. నీరు తగ్గిన గదిలో డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. బావినీరు పోసి బ్యాటరీని చంపుకొనినవారు ప్రతి ఊర నుండిరి. ఏ బ్యాటరీ ఏ ఊరిదో తెలియుటకు పైన సుద్దతోనో, రంగుతోనో గుర్తులు వ్రాసియుండును. పల్లెనుండి దానిని బస్సు టాపుమీదనో, సైకిలు వెనుక త్రాడుతో బిగించియో తెచ్చుటయు, ఒలికిన ఆమ్లము పంచెకు చిల్లులు పొడుచుటయు, ఇంటికి చేరిన పిదప క్లిప్పులు తాఱుమాఱుగా తగిలించి రేడియోను చెఱచుకొనుటయు సామాన్యమైన అనుభవములు. విద్యుత్తును తూకమువేసినట్లు కొని, మోసికొని, జాగ్రత్తగా ఖర్చుచేసిన ఆ తరమువారికి దాని విలువ తెలిసినంతగా మనకు తెలియదు. వార్తలు, వ్యవసాయదారుల కార్యక్రమము ముగియగానే రేడియోను కట్టివేయుట వారి నియమము.

బ్యాటరీపై జీవించిన మఱియొక గొప్ప వృత్తి మైకుసెట్టు. దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ఏలయన తెలుగు పల్లె మొదట విన్న విద్యుద్ధ్వని పెక్కుచోట్ల ఇదియే. ఆంప్లిఫయరు, మైకు, గరాటు ఆకారపు లౌడుస్పీకర్లు రెండు, ఒక కారు బ్యాటరీ: ఇంతే పెట్టుబడి. తీగ కరెంటుతోను, 12 వోల్టుల బ్యాటరీతోను నడచునట్లు ఆంప్లిఫయర్లను తయారుచేయుట మన దేశపు కంపెనీలకు పరిపాటి యయ్యెను. సినిమా ప్రకటన జట్కాలోనో రిక్షాలోనో వీథి వీథిని తిరిగెడిది. రిక్షా సీటు క్రింద బ్యాటరీ, పైన లౌడుస్పీకరు, ప్రక్కల పోస్టర్లు, కరపత్రములు విసరు కుఱ్ఱవాడు, వాని వెంట పరుగెత్తు పిల్లలు. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలు మొదలుకొని ప్రతి ఎన్నికలోను జీపు బానెటు క్రింది బ్యాటరీయే అభ్యర్థి కంఠమునకు బలమిచ్చినది. ఇంజను నాపి గంటల తరబడి ప్రసంగించిన పిదప బండి స్టార్టు కాక, శ్రోతలే దానిని తోసి సాగనంపవలసి వచ్చుటయు కలదు. అందుచేత అనుభవజ్ఞుడైన మైకువాడు బండి బ్యాటరీని ముట్టక, వేఱొక బ్యాటరీని వెంట తెచ్చుకొనెడివాడు. మాటలాడు బండి రాజకీయ చరిత్రలోనే స్థానము సంపాదించెననుటకు, 1982లో ఎన్.టి. రామారావు ఒక పాత షెవర్లే వ్యానును చైతన్యరథముగా మార్చి రాష్ట్రమెల్ల పర్యటించుటయే నిదర్శనము.

సినిమాకు మాత్రము బ్యాటరీ చాలలేదు. ప్రొజెక్టరు దీపపు ఆకలిని తీర్చుట దానికి శక్యము కాదు గనుక, టూరింగు టాకీసులవారు డేరా వెనుక ఆయిలింజనును, జనరేటరును పెట్టుకొనిరి.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. 1954లో ట్రాన్సిస్టరు రేడియో బజారునకు వచ్చెను. వాల్వులతోబాటు 200 వోల్టుల యవసరము పోయెను. అటు తరువాత వైబ్రేటరు అంతరించుటకు ఎక్కువ కాలము పట్టలేదు. అదే దశాబ్దమున అమెరికా కార్లు 6 వోల్టులనుండి 12 వోల్టులకు మాఱెను. 1960 నుండి ఆల్టర్నేటరు, అంతవఱకు బ్యాటరీని నింపుచుండిన డైనమో స్థానము నాక్రమింప మొదలిడి, ఇంజను మెల్లగా తిరుగుచున్నను బ్యాటరీ నిండుటకు వీలయ్యెను. బండిలో సిగరెట్టు ముట్టించుకొనుటకు పెట్టిన బొఱియ విద్యుత్తు తీసికొను సాకెట్టుగా ప్రపంచమంతట స్థిరపడెను. పొగత్రాగుట తగ్గినది; బొఱియ నిలిచినది.

జపానులో సోనీ కంపెనీ 1960లో బ్యాటరీతో నడచు ట్రాన్సిస్టరు టెలివిజనును విక్రయించెను. మన దేశమున 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు సాగిన ‘సైట్’ ఉపగ్రహ టెలివిజను ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ గ్రామములును చేరెను. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసెను. కాని టెలివిజను పల్లె ముంగిటికి నిజముగా వచ్చినది 1980ల నడుమ, రిలే కేంద్రములు వ్యాపించిన తరువాత. ఆనాటి 14 అంగుళముల బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ సెట్టులనేకములకు వెనుక ప్రక్క 12 వోల్టుల రంధ్రము ప్రత్యేకముగా నుండెడిది. అది అలంకారమునకు పెట్టినది కాదు. 1987 జనవరి నుండి 1988 జూలై వఱకు ఆదివారపు ఉదయములందు రామాయణము ప్రసారమగునప్పుడు కరెంటు పోవునేమో యను భయముతో, ట్రాక్టరు బ్యాటరీని విప్పి టెలివిజను ప్రక్కన సిద్ధముగా నుంచుకొనిన గ్రామములు దేశమున నెన్నియో. కరెంటే లేని గ్రామములలో అదియే ఏకైకాధారము. సెట్టునకు 30 వాట్లు కావలెననుకొందము. 12 వోల్టుల వద్ద అది రెండున్నర ఆంపియర్లు. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగము మాత్రమే వాడినను పండ్రెండు గంటలు నడచును. రామాయణమునకు అంతకన్న నేమి కావలెను? ఆ కార్యక్రమము ముగిసిన పిదప ట్రాక్టరు యథావిధిగా పొలమునకు పోయెడిది.

లారీ డ్రైవర్ల సంగతి వేఱు. నెలలో ఎక్కువ దినములు రహదారిపై గడపువారికి క్యాబినే యిల్లు. టేపు రికార్డరు, చిన్న ఫ్యాను, దేవుని పటము చుట్టును రంగుబల్బులు దాని సామగ్రిగా నుండెడివి. 24 వోల్టుల లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు గొలుసుకట్టుగా నుండును. టేపు రికార్డరు 12 వోల్టులది. అందుచేత ఒక్క బ్యాటరీనుండియే తీగ లాగెడివారు. ఆ బ్యాటరీ ఎల్లప్పుడు కొఱతగాను, రెండవది అతిగాను నిండుచు, రెండును కాలము తీరకముందే చెడెడివి. ఈ దోషమును వివరించి వోల్టులు తగ్గించు సాధనమును బిగించిన రోడ్డుప్రక్క ఎలక్ట్రీషియన్లు విద్యాలయములలో చదివినవారు కారు, చేతితో నేర్చినవారు.

12 వోల్టులను 230 వోల్టులుగా మార్చు ఇన్వర్టరు కార్లలో చేరిన పిదప, ఇంటి పరికరమేదైనను బండిలో నడపవచ్చునను భ్రమ యొకటి వ్యాపించెను. ల్యాప్‌టాపునకు, ఫోనునకు, చిన్న ఫ్యానునకు అది నిజమే. వేడిని పుట్టించునవి మాత్రము దాని శత్రువులు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 12 వోల్టుల బ్యాటరీనుండి 80 ఆంపియర్లకు పైగా లాగును. అర్ధగంట గడువకముందే బ్యాటరీ అడుగంటును, సన్నని తీగలైనచో అంతకు ముందే కాలును.

విపత్కాలములందు ఈ పెట్టె మహోపకారము చేసినది. హాం రేడియో సాధకుల, అనగా ఔత్సాహిక రేడియోవారి, సెట్టులు సాధారణముగా 13.8 వోల్టులకు నిర్మింపబడుట యాదృచ్ఛికము కాదు. నడచుచున్న బండి బ్యాటరీ వోల్టేజి ఇంచుమించు అంతయే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి, స్తంభములు నేలకూలి, నగరము దినముల తరబడి చీకటిలో నుండగా, ఫోనులలో ప్రాణము నిలుపుకొనుటకు జనులు తమ కార్ల నాశ్రయించిరి. జపానులో 2001లోనే టొయోటా ఎస్టిమా హైబ్రిడు కారు 1500 వాట్ల గృహవిద్యుత్తు నిచ్చు సాకెట్టులతో వచ్చెను. 2011 భూకంపానంతరము అచట ఈ యాలోచన బలపడి, మఱుసటి సంవత్సరమే నిస్సాన్ లీఫ్ కారు బ్యాటరీ నుండి ఇంటికే విద్యుత్తును పంపు ఏర్పాటు విక్రయమునకు వచ్చెను. 2023లో మన దేశమున విడుదలయైన హ్యుందాయ్ అయానిక్ 5 కారు 3.6 కిలోవాట్ల వఱకు బయటి పరికరముల కీయగలదు. దాని బ్యాటరీ 72.6 కిలోవాట్-అవర్లు, ట్రాక్టరుదని మనము లెక్కించిన 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి ఇంచుమించు నూరు రెట్లు. బండి స్వభావమునకును ఇంటి కోరికకును గల పాత వైరుధ్యము ఇచ్చట తీరినది. నెమ్మదిగా, గంటల తరబడి ఇచ్చుటయే ఈ బ్యాటరీ పని.

పాత సీసపు బ్యాటరీ మాత్రము నేటికిని మన సీమలోనే పుట్టుచున్నది. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ తిరుపతి ప్రాంతమున బ్యాటరీలు చేసి దేశమెల్ల పంపుచున్నది. కాని బ్యాటరీ పుట్టుక మాత్రమే మన శ్రద్ధకు పాత్రము గాదు, మరణమును అట్టిదే. పాత బ్యాటరీలను పెరడులలో పగులగొట్టి సీసము కరగించువారి పిల్లల రక్తములోనికి ఆ విషము చేరును. పాతది దుకాణమున తిరిగి యిచ్చి క్రొత్తది కొనుడు.

గ్రామచరిత్రలు వ్రాయుచున్న యువకులకు నా విన్నపము ఒక్కటి కలదు. మీ ఊరికి కరెంటు ఏ సంవత్సరము వచ్చినదని మాత్రమే అడిగి ఊరకుండకుడు. అంతకు ముందు రేడియోకు బ్యాటరీ ఎక్కడ నింపించిరి, ఎంత చెల్లించిరి, ఎవరు మోసిరి, మొదటి మైకుసెట్టు ఎవరిది, రామాయణమునకు బ్యాటరీ నిచ్చిన ట్రాక్టరు ఎవరిది యని కూడ అడిగి వ్రాసికొనుడు. ఆ వృత్తులలో జీవించినవారిలో మిగిలినవారు నేడు వృద్ధులు. ఈ పని ఇప్పుడే జరుగవలెను.